మరియమ్మ విత్తిన సాలు

ఫోటోల పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కూర్చోగానే అడిగేది ఒకటే: "అప్పట్లో మీరు ఏ కెమెరా వాడేవారు సార్?" చెప్తాను. ఫోన్లో రాసుకుంటారు. ఏ లెన్సు అంటారు, అదీ చెప్తాను. టీ తాగి వెళ్లిపోతారు. ఆ పొలం ఎవరిది, ఆ మనిషి పేరేమిటి, మీరు వచ్చేశాక వాళ్లకేమైంది అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది. అందులో కొంత నోటితో చెప్పాలంటే సిగ్గుగా ఉంటుంది కాబట్టి కాగితం మీద పెడుతున్నాను.

వనపర్తిలో నాకొక చిన్న స్టూడియో ఉండేది. పెళ్లిళ్లు, పుట్టువెంట్రుకలు, హాల్ టికెట్ ఫోటోలు, అదీ నా వ్యాపారం. రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో హైదరాబాదు నుంచి ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు వచ్చారు. ఈ వైపు వానను నమ్ముకున్న సేద్యం తొందరగా మారిపోతోంది, పాత పద్ధతులు పోకముందే ఫోటోలు తీసిపెట్టాలి, నెలకు పది రోజులు తిరుగుతావా అన్నారు. తిరుగుతానన్నాను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అప్పుడింకా ఒకే జిల్లాలో ఉండేవి. బస్సు దిగి షేర్ ఆటో, ఆటో దిగి ఎవరిదో మోటర్ సైకిల్ వెనక, అది దిగి నడక. అలా ఎనిమిదేళ్లు తిరిగాను.

ఆ ఎనిమిదేళ్లలో నా కళ్లముందే గొర్రు, గుంటక, నాగలి ఒక్కొక్కటీ చూరు కిందికి చేరాయి. అక్కణ్నుంచి పొయ్యిలోకి వెళ్లాయి. నా పెట్టెలో వాటి ఫోటోలు ఉన్నాయి. కానీ ఫోటోకు వాసన ఉండదు కదా. మిరుగం నాటి, అంటే మృగశిర కార్తెలో పడే, మొదటి వానకు తడిసిన ఎర్ర చెలక నేల వాసన కోసం, ఇంత వయసొచ్చాక కూడా, జూన్ నెల రాగానే నా మనసు బస్టాండు వైపు లాగుతుంది. వెళ్తే ఏముంటుందో తెలుసు. అయినా లాగుతుంది.

పెద్దాయనకు కావలసిన ముడతలు

సంస్థ నడిపే ఆయన్ని అందరం పెద్దాయన అనేవాళ్లం. మంచి మనిషి. బాగా చదువుకున్నవాడు, సేద్యం మీద నిజంగా ప్రేమ ఉన్నవాడు. ఒక్కటే జబ్బు, ప్రతి ఫోటోలో ముడతలు కావాలి. "మొహంలో చరిత్ర కనబడాలోయ్" అనేవారు. ప్యాంటు చొక్కాలో ఉన్న పాతికేళ్ల రైతు ఫోటో తీసుకెళ్తే, "వీడు రైతులా లేడే" అని పక్కన పెట్టేవారు. ఊళ్లలో అప్పటికే సగం మంది ప్యాంట్లతోనే చేనికి పోతున్నారు. ఆయన పక్కన పెట్టడం చూసి చూసి, ప్యాంటు కనబడితే నేనే కెమెరా దించడం మొదలుపెట్టాను. ఫోటోలు అడిగేవాడు ఆయనే అయినా కెమెరా దించింది నా చెయ్యే కాబట్టి ఆ తప్పు నాది.

ఒక ఎండాకాలం ఆయనకు కరువు ఫోటో కావాల్సి వచ్చింది. తెలకపల్లి దగ్గర ఒక చెరువు నెర్రెలు బారి ఉంది. అక్కడ ఒక ముసలాయన బండిలోకి చెరువు మన్ను ఎత్తుతున్నాడు. ఆయన్ని తెచ్చి నెర్రెల మీద కూర్చోబెట్టి, తలకు చెయ్యి ఆనించుకోమన్నాను. కూర్చున్నాడు, చెయ్యి పెట్టాడు, అంతలోనే ఫక్కున నవ్వాడు.

"సారూ, నెత్తికి చెయ్యెందుకు? చెరువు ఎండాకాలం ఎండకపోతే ఇంకెప్పుడెండాలె? ఇప్పుడే గద చేన్లకు మన్ను తోలుకునేది. జర నా బండి గూడ తియ్యి, నిండ నింపిన."

సరే సరే అన్నాను. నవ్వు ఆగేదాకా ఆగి, బండి పడకుండా తీశాను. అది పోస్టరుగా అచ్చయింది, కింద పెద్ద అక్షరాల్లో కరువు అని ఉంది. మరుసటి ఏడాది అదే దారిలో కనబడితే ఆయన అడిగింది కరువు గురించి కాదు. "నా బండేది సారు?" అన్నాడు. ఫిల్ము అయిపోయిందని అబద్ధమాడాను.

కొమ్ము విరిగిన ఎద్దు

నేను సరిగ్గా చేసిన పని కూడా ఒకటి చెప్పాలి, లేకపోతే వీడు అన్నీ తప్పులే చేశాడనుకుంటారు.

వడ్డేపల్లి వైపు ఒక ఇంట్లో మర్నాడు ఎద్దుల జతను సంతకు తోలుకెళ్తున్నారు. పదకొండేళ్లు దున్నిన జత. ఇంటామె నన్ను పిలిచి, అందరికీ కలిపి ఒక ఫోటో తియ్యమంది. నా అలవాటు కొద్దీ దగ్గరికి జరిగి, మొహాలు నిండేలా పెట్టుకున్నాను. ఆమెకు అద్దంలో ఏం పడుతుందో తెలియదు గానీ నేను ముందుకు జరగడం చూసి పసిగట్టింది.

"ఎన్కకు పో సారు, ఎన్కకు పో. కాళ్లు పడాలె. మనుషులయి పడాలె, ఎద్దులయి పడాలె. రొమ్ముకాడికి కోసిన ఫోటో సచ్చినోళ్లకు గద."

వెనక్కి జరిగాను. అప్పుడు ఆమె పెనిమిటి మెల్లగా దగ్గరికొచ్చి, ఎవరూ వినకూడదన్నట్టు నా చెవిలో చెప్పాడు. "ఎడమ దానికి కొమ్ము ఇరిగింది. అటుకెళ్లి తియ్యకు సారు, దానికి నామూషి."

కుడివైపు నుంచి తీశాను. కాళ్లన్నీ పడ్డాయి, ఇరవై కాళ్లు. వారం తిరక్కుండా కడిగి పంపాను. ఎందుకు పంపానంటే అప్పటికింకా నాలో స్టూడియోవాడు బతికే ఉన్నాడు. స్టూడియోలో ఫోటో తీసి ఇవ్వకపోతే గల్లా పట్టుకుంటారు. సంస్థ పనిలో అడిగేవాళ్లుండరు. ఊళ్లోవాళ్లు "ఫోటో ఇస్తవా సారు?" అంటారు, మనం "తప్పకుండా" అంటాం, బస్సెక్కుతాం. ఆ "తప్పకుండా" అనే మాట మెల్లమెల్లగా నాకు దగ్గులాగా అలవాటైపోయింది.

మరియమ్మ చెయ్యి

ఇక అసలు సంగతి. మిగతావి రాయకపోయినా ఇది రాయాలి.

ధరూరు దగ్గర ఒక ఊళ్లో తిమ్మప్ప అనే రైతుకు ఆరెకరాల చెలక ఉండేది. మిరుగం వానకు పచ్చజొన్న విత్తేవాడు. ఆయన పొలంలోనే కాదు, ఆ ఊళ్లో పది పదిహేను పొలాల్లో విత్తనం పోయడానికి పిలిచేది ఒక్క మరియమ్మనే. ఊరి చివర చర్చి పక్కన ఇల్లు. సొంత భూమి లేదు. భర్త బొంబాయి పనులకు పోయి వస్తుండేవాడు. ఆమె ఆస్తి ఆమె కుడిచెయ్యి.

గొర్రు చూడనివాళ్ల కోసం చెప్తున్నాను. దానికి మూడు పళ్లు, పళ్ల వెనక మూడు వెదురు గొట్టాలు. మూడు గొట్టాలూ పైన ఒక చెక్క గిన్నెలో కలుస్తాయి. దాన్ని జడ్డిగం అంటారు. మగమనిషి ఎద్దులను తోలుతుంటే, ఆడమనిషి గొర్రు వెంట నడుస్తూ, ఒడిలోని గింజలు పిడికిట్లోకి తీసుకుని వేళ్ల సందులోంచి జడ్డిగంలోకి వదలాలి. ఎక్కువ పడితే మొలకలు ఒకదాన్నొకటి తొక్కేస్తాయి. తక్కువ పడితే చేను పలచన. చెయ్యి ఆగితే మూడు సాళ్లూ ఖాళీ. ఎద్దులు ఆగవు, గొర్రు వెనక్కి రాదు. అందుకే విత్తనం పోసేవాళ్లను ఆ పూట ఎవరూ పలకరించరు. నీళ్లు కావాలా అని కూడా గట్టు చేరినాకే అడుగుతారు. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

విత్తే ముందు తిమ్మప్ప గొర్రుకు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టేవాడు. మరియమ్మ పక్కన నిలబడి కళ్లు మూసుకుని తన ప్రార్థన తాను చేసుకునేది. ఇద్దరి దేవుళ్లకూ ఎప్పుడూ తగాదా రాలేదు. గింజలు అంత కుదురుగా ఎలా పడతాయని అడిగితే నవ్వింది.

"నోట్లె కీర్తన ఉంటది సారు. పాట నడిస్తే చెయ్యి నడుస్తది. నేను పాడుకుంట పోత, తిమ్మప్పన్న ఎద్దులను తిట్టుకుంట వస్తడు. ఇత్తనం మంచిగ పడ్తది."

"పాటకే పడ్తదా, తిట్లకు పడదా?" అన్నాడు తిమ్మప్ప.

"తిట్లకు ఎద్దులు నడుస్తయన్నా, ఇత్తు నడ్వదు."

ఆ పొద్దు మబ్బు పట్టి ఉంది. సాయంత్రానికి మళ్లీ వాన వచ్చేలా ఉందని తిమ్మప్ప తొందరపడుతున్నాడు. నేను పక్కనుంచి, వెనకనుంచి తీస్తూనే ఉన్నాను. ఫిల్ములో చివరికి మూడు ఫోటోలు మిగిలాయి. అప్పటిదాకా తీసినవాటన్నిటిలోనూ మరియమ్మ తల దించుకునే ఉంది, మొహం లేదు. మొహం లేని ఫోటో తీసుకెళ్తే పెద్దాయన ఏమంటారో నాకు తెలుసు. సాలు మధ్యలో ఉండగా గట్టు మీంచి కేక వేశాను.

"మరియమ్మా! ఇటు చూడు!"

చూసింది. చూసినదాన్ని చూడనిచ్చి ఊరుకున్నా పోయేది. ఇరవయ్యేళ్ల స్టూడియో అలవాటు, నోట్లోంచి దానంతటదే వచ్చేసింది: "కదలకు! అట్లనే ఉండు!"

కదలకుండా నిలబడింది. ఎద్దులను అదిలిస్తూ తిమ్మప్ప ముందుకు సాగిపోతున్నాడు, తన అదిలింపుల్లో నా కేక ఆయనకు వినబడలేదు, వెనక ఏం జరిగిందో తెలియదు. మూడు ఫోటోలు తీశాను. తర్వాత ఆమె ఒడి పట్టుకుని పరుగెత్తి గొర్రును అందుకుంది. గట్టు చేరినాక, తిమ్మప్ప ఎద్దులను మళ్లిస్తుండగా, నా వైపు చూసి, "సారూ, ఇత్తనం ఆగింది గద" అంది.

"ఏం కాదులే" అన్నాను నేను.

సేద్యం చేయని మనిషి సేద్యం చేసే మనిషితో ఎన్నడూ అనకూడని మాట అది. ఆమె ఒడి సర్దుకుని మళ్లీ గొర్రు వెంట నడిచింది. నేను వెళ్లేటప్పుడు, "ఫోటో ఇస్తవా సారు?" అంది. తప్పకుండా అన్నాను.

పేరు తెలియని మహిళ

ఆ మూడింటిలో నడిమి ఫోటో నా బతుకులో అన్నిటికంటే ఎక్కువమంది చూసిన ఫోటో. పైన మబ్బు, దూరంగా సాగిపోతున్న గొర్రు, సాలులో ఒంటరిగా నిలబడి మన వైపు చూస్తున్న మరియమ్మ. హైదరాబాదులో ప్రదర్శన పెట్టినప్పుడు దాన్ని గుమ్మానికి ఎదురుగా వేలాడదీశారు. చూసినవాళ్లు ఆ కళ్లలో ఏముందో ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. ఒకాయన నా భుజం తట్టి, అంతరించిపోతున్న పల్లె మొత్తం ఆ చూపులో ఉందన్నాడు. నాకు గర్వంగా ఉంది. అబద్ధం చెప్పడం ఎందుకు, చాలా గర్వంగా ఉంది.

కింద పేరు పెట్టడానికి సంస్థవాళ్లు ముందే ఫోన్ చేసి అడిగారు. పెళ్లిళ్ల సీజన్, నేను ఎక్కడో మండపంలో ఉన్నాను. నెగెటివుల కవరు మీద రాసే ఉంటుంది చూడండన్నాను. కవరు మీద నేను రాసింది "ధరూరు, విత్తనం" అని మాత్రమే. అందుకని వాళ్లు "పేరు తెలియని రైతు మహిళ" అని అచ్చువేశారు. ఫోటో వెనక మనిషి పేరు, ఊరు, చేను ఎవరిదో రాయమని మొదటి రోజే నేర్పింది పెద్దాయనే. ఆయన ముడతల గురించి చెప్పింది విన్నాను, ఇది వినలేదు.

ఫోటో మాత్రం మరియమ్మకు పంపలేదు. వేరే కారణం లేదు, పంపలేదంతే. ఈ నెల, వచ్చే నెల అనుకుంటూ అయిదేళ్లు గడిచాయి.

ఏదీ ఫోటో?

అయిదేళ్ల తర్వాత, ఆ పాత చోట్లకు మళ్లీ వెళ్లి ఇప్పుడెలా ఉన్నాయో తీసుకురమ్మని పెద్దాయన పంపారు. ప్రదర్శనలో పెట్టిన పెద్ద ఫోటోను పేపర్లో చుట్టి చంకలో పెట్టుకుని ధరూరు వైపు వెళ్లాను. వానాకాలం చివరి రోజులు. ఎటు చూసినా విత్తనాల కోసం పెంచే సీడు పత్తి. జొన్న ఎక్కడా కనబడలేదు. తెల్లవారగానే ఆడవాళ్లు పత్తి చేలల్లో పువ్వుకు పువ్వు రుద్దే క్రాసింగ్ పనికి పోతారు. మరియమ్మ కూడా ఆ పనికే పోయి, పొద్దు వాలే వేళకు ఇంటికి వచ్చింది. వేళ్లకు పసుపుపచ్చగా పుప్పొడి అంటి ఉంది.

"గుర్తు పట్టినవా మరియమ్మా?"

"గుర్తు లేకేంది? నా చెయ్యి ఆపినోడివి నువ్వే గద."

తిట్టినట్టు అనలేదు. మంచం వాల్చి, కూర్చోమని, నీళ్లిచ్చి, అప్పుడు చెప్పింది.

ఆ సాయంత్రమే పెద్ద వాన పడింది. నేల ఆరేలోపు చేనులో అడుగు పెట్టడానికి లేకపోయింది. వారానికి మొలకలు వచ్చాయి. చేను నడుమ మూడు సాళ్లు ముప్పై అడుగుల మేర ఖాళీ. విత్తనం సాలు తప్పితే ఇంటికి కీడు అని అక్కడివాళ్ల నమ్మకం. తిమ్మప్ప తర్వాత గింజలు పెట్టి ఆ జాగా పూడ్చాడు గానీ, మాట ఊళ్లోకి పోనే పోయింది. ఆ చలికాలం ఆయన ఎద్దుల్లో ఒకదాన్ని పాము కరిచింది. ఎద్దు చచ్చిపోయింది. ఆ బాధలో తిమ్మప్ప హోటల్ దగ్గర పదిమందిలో అన్నాడట, అది సాలు తప్పిన చెయ్యి అని.

"ఫోటో సారు పిలిచిండు, గందుకే ఆగిన అని చెప్పిన. 'ఏదీ ఫోటో?' అన్నరు. నువ్వు తెస్తవు, సూపిద్దామని సూసిన. కీస్తుపండుగ దాక సూసిన. మల్ల మిరుగం దాక సూసిన. గా మిషన్ల ఫిల్మే లేదు, ఉత్తగ పట్టుకోని తిరిగిండు, నువ్వు మోసపోయినవ్ అని నవ్విండ్రు. మల్ల మిరుగానికి ఎవ్వరు నన్ను పిలువలే సారు. ఒక్కరు గూడ."

నేను పేపరు విప్పాను. హైదరాబాదులో అందరూ చూసిన ఆ కళ్లను ఆమె చూడనే లేదు. ఫోటోను మంచం మీద పరిచి, పుప్పొడి అంటకుండా మోచేత్తో అదిమిపెట్టి, గొర్రును చూసింది. తర్వాత తన చేతిని చూసింది.

"గొర్రేడున్నదో సూడు. నేనేడున్ననో సూడు. పిడికిలి మూసుకున్నది, ఒక్క గింజ కింద పడ్తలేదు. మడిమె లేసే ఉన్నది, పోయేదాన్ని ఆపినట్టు లేదా? గీ ఒక్క కాయితం గా యేడే ఇచ్చినుంటే అయిపోతుండె సారు."

అంతమంది పల్లె దుఃఖం అనుకున్న చూపు, ఒడిలో గింజలు ఉండగా సాలు ఖాళీ పోతోందన్న కంగారు. తీసినవాణ్ణి నాకే తెలియలేదు. నాకు ఏడుపొచ్చింది.

"తప్పు నాది మరియమ్మా" అన్నాను.

"నీదే. అది నాకు తెల్వదా? తెల్వాల్సింది ఊరికి" అంది.

హోటల్ దగ్గర

అప్పటికప్పుడే నన్ను తిమ్మప్ప ఇంటికి తీసుకెళ్లింది. కొట్టంలో ఒక పాడిబర్రె ఉంది, ఎద్దులు లేవు. తిమ్మప్ప ఫోటోను వాకిట్లోకి, వెలుతురులోకి తీసుకెళ్లి చాలాసేపు చూశాడు. ముందు ఆయన చూసింది ఎద్దులనే. తర్వాత నా వైపు తిరిగాడు.

"నువ్వు పిలిచినవా?"

"నేనే పిలిచిన. కదలకని గూడ చెప్పిన."

ఆయన మరియమ్మను చూడలేకపోయాడు. ఫోటోను చూస్తూనే అడిగాడు. "ఎద్దు పోయిన్నాడు నేను ఏమంటి మరియమ్మా?"

"సాలు తప్పిన చెయ్యి అంటివి అన్నా."

"హోటల్ కాడ అన్న."

"అవు. పదిమంది ఉండ్రి."

"పదిమంది ముందట అన్నది పదిమంది ముందట్నే తీసుకోవాలె. పాండ్రి."

ముగ్గురం రోడ్డు మీదికి వెళ్లాం. మరియమ్మ హోటల్ బయటే, రోడ్డు అవతల నిలబడింది. తిమ్మప్ప ఫోటోను బల్ల మీద పెట్టి, టీ తాగుతున్నవాళ్లందరికీ వినబడేలా చెప్పాడు. ఆనాడు సాలు తప్పింది ఈమె చెయ్యి వల్ల కాదని, ఈ సారు పిలిచాడని, తాను అన్న మాట వాపస్ తీసుకుంటున్నానని. నన్ను కూడా చెప్పమన్నాడు. చెప్పాను.

బల్ల దగ్గర ఉన్నది నలుగురైదుగురు కుర్రవాళ్లు. వాళ్లు మర్యాదగానే విన్నారు. ఒకడు ఫోటో చూసి చాలా బాగుందన్నాడు. ఇంకొకడికి ఒక అనుమానం వచ్చింది.

"సాలు తప్పితే ఏమైతది తాతా? ట్రాక్టర్ రివర్స్ తీస్తే అయిపాయె గద?"

తిమ్మప్ప ఫోటోను బల్ల మీంచి తీసుకున్నాడు. ఆ రోజు ఆయన మాట విన్న పదిమందిలో ఇద్దరు చనిపోయారు, కొందరు పుణె, బొంబాయి పనులకు పోయారు, మిగిలినవాళ్లు ఆ సాయంత్రం అక్కడ లేరు. వాపస్ తీసుకున్న మాటను అందుకునేవాళ్లే లేరు. మేం బయటికి వచ్చాక మరియమ్మ నన్నే అడిగింది.

"ఇన్నరా సారు?"

"విన్నరు" అన్నాను. అది అబద్ధమేమీ కాదు.

ఆ పూట బస్సులో వనపర్తి దాకా కిటికీకి తల ఆనించుకుని కూర్చున్నాను. పోతున్నదాన్ని పట్టి ఉంచడానికి వచ్చాననుకున్నాను ఇన్నాళ్లూ. పోతున్నదాంట్లో ఒక మనిషి చెయ్యి నా వల్ల ముందుగానే ఆగిపోయింది. గొర్రు ఎలాగూ పోయేదే, ట్రాక్టరు ఎలాగూ వచ్చేదే. కానీ ఆ చివరి రెండు మూడు మిరుగాలు మరియమ్మవి. ఊరంతా గొర్రు చూరుకు ఎక్కించేదాకా, ముందుగా తనను పిలిచే పిలుపు ఆమెది. దాన్ని నేను ఏ ఫోటోతోనూ తిరిగి ఇవ్వలేను.

పిల్లలూ, మీరు వస్తే ఇకనుంచి కెమెరా పేరు చెప్పను, ఇవే చెప్తాను. పని నడుమ ఉన్న మనిషిని పిలవకండి. మొహం దొరక్కపోతే దొరక్కపోయింది. ఫోటో వెనక పేరు రాయండి. ఇస్తానన్న ఫోటో ఆ ఏడాదే ఇవ్వండి, వాళ్లకు అది దేనికి అక్కరకొస్తుందో మీకు తెలియదు. మీ ఫోటో ఎంత గొప్పదో చెప్పేవాళ్లను నమ్మే ముందు, అందులో ఉన్న మనిషికి ఒకసారి చూపించండి.

మరుసటి మిరుగం

మరుసటి ఏడాది తొలివాన పడ్డ రెండో రోజు మా స్టూడియోకు ఫోన్ వచ్చింది. హోటల్ వాళ్ల ఫోన్‌లోంచి తిమ్మప్ప. "రేపు ఇత్తనం. వస్తే రా సారు" అని పెట్టేశాడు. మొదటి బస్సుకు వెళ్లాను.

అయిదెకరాలు పత్తికి వదిలి, రొట్టెలకూ బర్రె మేతకూ అని ఒక్క ఎకరం జొన్నకు ఉంచుకున్నాడు. కిరాయి ట్రాక్టరు వచ్చి ఉంది, దాని వెనక ఇనుప గొర్రు, దాని మీద రేకు డబ్బా. గింజలు అదే వేసుకుంటుంది. మరియమ్మ గట్టు మీద, చెప్పులు విడిచి నిలబడి ఉంది. తిమ్మప్ప చేటలో కందులు తెచ్చి ఆమె ముందు పట్టాడు.

"జొన్నలు మిషన్ పోస్తది. జొన్నల నడుమ కందిసాలు దానికి రాదు. గది నువ్వు పొయ్యాలె మరియమ్మా."

ఆమె కొంగు ఒడి కట్టి కందులు పోసుకుంది. ఆయన ట్రాక్టరుకు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. ఆమె కళ్లు మూసుకుంది. డ్రైవరు టైము చూసుకున్నాడు.

ట్రాక్టరు సాగింది. అది కందికని ఖాళీగా వదిలిన సాలులో మరియమ్మ నడవడం మొదలుపెట్టింది. పిడికిట్లోంచి వేళ్ల సందుగా ఒక్కొక్క కంది జారవిడుస్తోంది, వెనకపాదంతో మన్ను కప్పుతోంది. పెదవులు కదులుతున్నాయి. తిమ్మప్ప నా పక్కన నిలబడి ఉన్నాడు, తిట్టడానికి ఆయనకు ఎద్దులు లేవు. ఆమె మూడో సాలు సగం దాటకముందే ట్రాక్టరు ఎకరమంతా తిరిగేసి, మళ్లీ ఆమె ఎదుటికి వచ్చి ఆగింది. బయటికి పోయే దారి అటే. డ్రైవరుకు ఇంకో పొలం ఉంది.

హారన్ కొట్టాడు. ఆమె తల ఎత్తలేదు. మళ్లీ కొట్టాడు. "ఏయ్ అవ్వా, జరుగు!" అన్నాడు. ఆమె అదే నడకతో, అదే ఎడంతో గింజలు వదులుతూ ట్రాక్టరుకు ఎదురుగా వస్తోంది. పక్కకు తప్పుకోమని చెబుదామని నేను చెయ్యెత్తి నోరు తెరిచాను.

తిమ్మప్ప నా చెయ్యి పట్టుకున్నాడు.

"పిలువకు సారు" అన్నాడు. "సాలు నిండనీ."